క్యూ పక్కన యు లేనప్పుడు: అక్షరాలను పట్టి ఇంగ్లీషు మాటలు వెతకడం

ఒడిశాలోని కాశీనగరం నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. వారి అమ్మాయి ఎనిమిదో తరగతి. బడిలో ఒడియా మాధ్యమం, ఇంట్లో తెలుగు. వేసవి సెలవుల్లో ఆ పిల్లకు స్క్రాబుల్ ఆట అలవాటయింది. పాయింట్లు రాసి ఉన్న ఇంగ్లీషు అక్షరాల బిళ్ళలను గళ్ళ బోర్డు మీద పేర్చి మాటలు కట్టే ఆట అది. మొన్న ఒక ఆటలో చేతికి క్యూ, ఏ, ఐ, డి, ఆర్, వి, టి అనే ఏడు బిళ్ళలు వస్తే, యు లేకుండా క్యూతో మాటే ఉండదనుకొని తన వంతు వదులుకుందట. ఫలానా అక్షరాలున్న ఇంగ్లీషు మాటలను వెతకడానికి పద్ధతి ఏమైనా ఉందా, ఫోనులో వెతికిపెట్టే యాప్‌లు వాడటం తప్పా, ఇంగ్లీషు మాధ్యమం పిల్లల ముందు తమ పిల్ల నిలవగలదా అని ఆ తల్లి మూడు సంగతులు అడిగారు. నేను పర్లాకిమిడిలో తపాలా శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఈ ఆట ముప్పై ఏళ్ళుగా మా వీధి అరుగు మీద ఆడుతున్నాను, పిల్లల చేత ఆడిస్తున్నాను. ఆ అనుభవంతో రాస్తున్నాను.

అమ్మా, మీరు చివర అడిగిన సంగతినే ముందు ఎత్తుకుంటాను, ఎందుకంటే ఆ బెంగ తీరితే తప్ప మిగతాది తలకెక్కదు. న్యూజీలాండుకు చెందిన నైజెల్ రిచర్డ్స్ అనే ఆటగాడు 2015లో ఫ్రెంచి భాషలో జరిగిన ప్రపంచ స్క్రాబుల్ పోటీలో గెలిచాడు. ఆయనకు ఫ్రెంచి మాట్లాడటం రాదు. పోటీకి ముందు కొన్ని వారాలపాటు ఆ భాష మాటల పట్టీని మాత్రం కంఠస్థం చేశాడు. 2024లో స్పానిషు పోటీలోనూ అలాగే గెలిచాడు. ఒక భాషలో ఒక్క వాక్యం మాట్లాడలేని మనిషి ఆ భాష వాళ్ళనే ఓడించగలిగాడంటే, ఈ ఆట భాషకు సంబంధించినదానికంటే అక్షరాల కలయికలకు సంబంధించినదన్నమాట. ఇంగ్లీషు మాధ్యమం పిల్లలకు మాటలు ఎక్కువ తెలియవచ్చు, కానీ తెలిసిన మాట కావలసిన క్షణంలో బిళ్ళల్లో కనబడటం వేరే విద్య. ఆ విద్య దగ్గర అందరూ ఓనమాల నుంచే మొదలుపెట్టాలి.

ఆ ఓనమాల దగ్గరే మన పిల్లలకు ఒక చిక్కు ఉంది. దాన్ని ఏ ఇంగ్లీషు పుస్తకమూ చెప్పదు, ఎందుకంటే అది ఇంగ్లీషు వాళ్ళకు లేని చిక్కు. మనం మాటను ధ్వనితో గుర్తుపెట్టుకుంటాం. తెలుగులోనూ ఒడియాలోనూ పలికినదాన్నే రాస్తాం, రాసినదాన్నే పలుకుతాం కనుక ధ్వని వేరు, అక్షరం వేరు అన్న ఊహ మనకు సహజంగా రాదు. జెడ్ ఉన్న మాటలు చెప్పమని ఏ పిల్లనైనా అడిగి చూడండి. ఆ పిల్ల మనసు నేరుగా జ దగ్గరికి పోతుంది. అక్కడ జీరో, జీపు, జెమ్, రోజ్, జైలోఫోన్ అన్నీ ఒకే గూట్లో కూర్చుని ఉంటాయి. కానీ ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే జీరోలో ఉన్నది జెడ్, జీపులో ఉన్నది జె, జెమ్‌లో జి, రోజ్‌లో ఎస్, జైలోఫోన్‌లో మొదట ఎక్స్. ఒక్క జ వెనుక ఐదు బిళ్ళలు దాక్కున్నాయి. వాటిలో ఎస్ విలువ ఒక పాయింటు, జెడ్ విలువ పది. గూడు ఒకటే కావడంతో మనసు ఏదో ఒకటి తీసి ఇస్తుంది, అది సాధారణంగా అక్కరలేనిదే అవుతుంది.

వ సంగతి ఇంకా విచిత్రం. వ్యాన్‌కు ఉన్నది వి, వాచీకి ఉన్నది డబ్ల్యూ. మనకు రెండూ వ. పైగా మీ అమ్మాయి ఒడియాలో చదువుకుంటోంది కనుక వ కాస్తా బ కూడా అవుతుంది, మీ ఊరి పక్కన పారే వంశధార బడి పుస్తకంలో బంశధార అయినట్టు. అలాగే మన యాత్ర అక్కడ జాత్రా అవుతుంది కనుక వై, జె కూడా కలిసిపోతాయి. ఇక పలకని అక్షరాలు ఉండనే ఉన్నాయి. నైఫ్, నీ, నాట్ అనే మాటలు మన మనసులో న గూట్లో ఉంటాయి, వాటి తలపై ఉన్న కె మనకు కనబడదు. రైట్, రాంగ్, రిస్ట్ అనేవి ర గూట్లో ఉంటాయి, వాటి ముందున్న డబ్ల్యూ సంగతి గుర్తుకు రాదు. ఐదు పాయింట్ల కె బిళ్ళ చేతిలో పట్టుకొని కె మాట లేదని పిల్లలు తల గోక్కోవడం నేను ఎన్నిసార్లో చూశాను.

దీనికి తోడు మన లిపిలో అక్షరం అంటే గుణింతంతో, ఒత్తుతో కలిసిన ముద్ద. స్త్రీ అనేది మనకు ఒక్క అక్షరం. దాన్ని బిళ్ళల్లో పేర్చబోతే ఎస్, టి, ఆర్ మూడు హల్లులకు పోగా అచ్చుకు మరొకటో రెండో కావాలి. ఆ ముద్దను విడగొట్టి మళ్ళీ ఇంకోలా కలపడమే ఈ ఆట. తెలుగు లిపి ఆ పనిని ఎంతగా మరుగుపరుస్తుందో ఒక ఉదాహరణ చూపిస్తాను. రిటైన్స్, సీటింగ్, ఇన్‌స్టెడ్, ఇన్‌మేట్స్, నేటివ్స్, ఇన్‌టేక్స్ అనే ఆరు మాటలు చదవండి. వీటి మధ్య ఏ చుట్టరికమూ కనబడదు. కానీ ఈ ఆరింటిలోనూ ఎస్, ఏ, టి, ఐ, ఎన్, ఇ అనే అవే ఆరు అక్షరాలు ఉన్నాయి. ఏడో అక్షరం ఒక్కటే వరసగా ఆర్, జి, డి, ఎం, వి, కె అని మారుతూ వచ్చింది. ఆటగాళ్ళు ఇటువంటి ఆరక్షరాల మూటను ముందే చేతిలో ఉంచుకొని, ఏడో బిళ్ళ ఏది వచ్చినా మాట కట్టేస్తారు. చేతిలోని ఏడు బిళ్ళలూ ఒకేసారి దించితే 50 పాయింట్లు అదనంగా వస్తాయి కనుక ఆట సాధారణంగా అక్కడే తేలిపోతుంది.

మా ఊళ్ళోనే పిల్లలకు పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు సవరల పలుకుబడిని చెవిపెట్టి విని సవర–ఇంగ్లీషు నిఘంటువు కూర్చారు. రాతను వాడుకకు దగ్గరగా తేవాలని జీవితమంతా వాదించారు. అంతటివారి ఊళ్ళో కూర్చుని, ధ్వనిని మరిచిపొమ్మని పిల్లలకు చెప్పడం నాకు కొంచెం నవ్వు తెప్పిస్తుంది. అయినా ఈ ఆట మేరకు అదే చెప్పాలి. మాటను చెవితో కాక కంటితో వెతకాలి.

కంటితో వెతకడం అంటే ఒక్కొక్క అక్షరానికి ఇంగ్లీషులో కూర్చునే చోటు ఎక్కడో తెలుసుకోవడం. నిఘంటువు మొదటి అక్షరాన్ని బట్టి పేర్చి ఉంటుంది కనుక మనకు మొదట వచ్చే మాటలు మాత్రమే తడతాయి. మధ్యలో, చివర వచ్చేవి తట్టవు. వి సంగతి చూడండి. దాని తర్వాత దాదాపు ఎప్పుడూ అచ్చు ఉండవలసిందే. అది మాట చివర నిలవడం బహు అరుదు, ఆర్-ఇ-వి, ఎస్-హెచ్-ఐ-వి వంటి ఏ కొన్నింటిలోనో తప్ప కనబడదు. రెండక్షరాల మాట ఒక్కదానిలో కూడా వి లేదు. అందుకే వి చేతికి వస్తే బోర్డు మీద ఇరుకు సందుల్లో దూర్చాలని చూడకూడదు. చివర ఐ-వి-ఇ, ఓ-వి-ఇ, ఏ-వి-ఇ, వి-ఇ-ఆర్ వచ్చే మాటలకు చోటు వెతకాలి. డబ్ల్యూ విలువ కూడా వి లాగానే నాలుగు పాయింట్లే, కానీ అది ఎంతో మెతక బిళ్ళ. ఓ-డబ్ల్యూ, ఏ-డబ్ల్యూ, డబ్ల్యూ-ఇ వంటి రెండక్షరాల మాటలు దానికి ఉన్నాయి. మొదట హెచ్‌తోనూ ఆర్‌తోనూ జతకడుతుంది, ఎస్ తర్వాత, టి తర్వాత వస్తుంది, చివరనైతే ఓ, ఏ, ఇ ఏ అచ్చు పక్కనైనా సుఖంగా కూర్చుంటుంది. మనకు రెండూ వ కాబట్టి రెండింటినీ ఒకే బరువుగా మోస్తాం, అసలు తేడా అక్కడ ఉంది.

ఎక్స్ చూడటానికి భయపెడుతుంది గానీ నిజానికి పిల్లల పాలిట కామధేనువు. ఏ-ఎక్స్, ఇ-ఎక్స్, ఓ-ఎక్స్, ఎక్స్-ఐ, ఎక్స్-యు అని ఐదు చిన్న మాటలు దానికి ఉన్నాయి. అక్షరం విలువను మూడింతలు చేసే గడి మీద, అడ్డంగానూ నిలువుగానూ మాట కుదిరేలా దించితే ఎనిమిది పాయింట్ల బిళ్ళ నలభై ఎనిమిది తెస్తుంది. జెడ్‌కు జెడ్-ఏ ఉంది. అది పిజ్జాకు కుదించిన వాడుక మాట. ఉత్తర అమెరికాలో ఆటకు చెల్లే మాటల పట్టీలోకి 2006లో క్యూ-ఐతో కలిసి వచ్చింది. జెడ్ చివర రావలసి వస్తే చాలావరకు జంటగా వస్తుంది, లేదా ఐ-జెడ్-ఇ తోకలో వస్తుంది. జె మాత్రం ఎక్కువగా మాట మొదటనే ఉంటుంది. మధ్యలో రావాలంటే ఇంజెక్ట్, ఇంజూర్, అడ్జస్ట్, అడ్జాయిన్ వంటి వాటిలో ఉపసర్గ తర్వాత వస్తుంది. జె చివర వచ్చే మాటలు చాలావరకు మన వైపునుంచి, అరబ్బుల వైపునుంచి పోయినవే: రాజ్, తాజ్, హజ్, స్వరాజ్. ఆర్-ఏ-జె అని బోర్డు మీద ఎవరో పెడితే దాని చివర ఏ తగిలించి రాజా చేయవచ్చు, ఆ పైన ఎస్ తగిలించవచ్చు. ఇటువంటి తగిలింపుల కోసం పిల్లల కళ్ళు అలవాటు పడాలి.

ఇక క్యూ. దీని సంగతి తెలిస్తే మీ అమ్మాయికి ఎంత ఉత్సాహం వస్తుందో నేను ఊహించగలను. ఇంగ్లీషు సొంత మాటల్లో క్యూ వెంట యు రాక తప్పదు. యు రానివి అరబ్బీ నుంచి, పారశీకం నుంచి, హీబ్రూ నుంచి, చైనా నుంచి వచ్చిన అరువు మాటలు. ఇంగ్లీషు ఇంట్లో పుట్టిన పిల్లవాడు వాటిని కొత్తగా నేర్చుకోవాలి, మన పిల్లలు చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నారు. ఖవ్వాలి, ఫకీరు, బురఖా, నిఖాబు, తలాఖు, ఖాజీ మనకు కొత్త మాటలా? క్యూ-ఏ-డబ్ల్యూ-డబ్ల్యూ-ఏ-ఎల్-ఐ, ఎఫ్-ఏ-క్యూ-ఐ-ఆర్, బి-యు-ఆర్-క్యూ-ఏ, ఎన్-ఐ-క్యూ-ఏ-బి, టి-ఏ-ఎల్-ఏ-క్యూ, క్యూ-ఏ-డి-ఐ అని అవన్నీ ఆటలో చెల్లుతాయి. మనం వాటిని ఖ దగ్గరో క దగ్గరో దాచుకున్నాం కనుక క్యూ బిళ్ళ చూసినప్పుడు తట్టడం లేదు, అంతే. వీటికి క్యూ-ఐ అనే రెండక్షరాల మాట చేర్చండి. ప్రాణశక్తికి చైనావాళ్ళు వాడే మాట అది, పలకడం చీ. యు ఉన్న వైపు చెప్పవలసివస్తే, క్యూ-యు జంట మాట మొదటనే కాక ఎస్ తర్వాత, ఇ తర్వాత, ఏ-సి తర్వాత కూడా వస్తుందనీ, చివర క్యూ-యు-ఇ అని తోకగా వస్తుందనీ గుర్తుంటే చాలు.

ఈ లెక్కన మన ఇంటి మాటలను ఒకసారి గాలించమని మీ అమ్మాయికి చెప్పండి. లక్ష, కోటి మాటలు లాఖ్, క్రోర్ అని ఆటలో ఉన్నాయి. రైతు ఆర్-వై-ఓ-టి అని ఉన్నాడు. ఘాట్, బంద్, ఘెరావ్, ధోతీ, లుంగీ, రోటీ, దోశ, ఇడ్లీ ఉన్నాయి, నీమ్ అన్న పేరుతో వేప ఉంది. మన గుగ్గిలం చెట్టు ఎస్-ఏ-ఎల్ అని మూడక్షరాల్లో ఉంది. కొండల మీద వేసవి మొదట్లో ఏరుకొచ్చే ఇప్పపువ్వు ఎం-ఏ-హెచ్-యు-ఏ అని, పోటీల్లో వాడే కాలిన్స్ అనే మాటల పట్టీలో ఉంది. అచ్చులు ఎక్కువై హల్లులు రానప్పుడు దానంత అక్కరకొచ్చే మాట నాకు ఇంకొకటి తెలియదు. జగన్నాథస్వామి ఊరైన పూరీ పేరు ఆటలో చెల్లదు, ఊళ్ళ పేర్లూ మనుషుల పేర్లూ ఆటలో నిషిద్ధం. కానీ పళ్ళెంలోని పూరీ చెల్లుతుంది, అక్షరాలు మాత్రం అవే. పందికొక్కు కూడా మన తెలుగు ఇల్లు దాటి బాండికూట్ అయి ఇంగ్లీషు నిఘంటువులోకి చేరింది, తొమ్మిది అక్షరాలతో. మా అరుగు మీద ఒక సాయంత్రం బోర్డు మీదున్న టి తర్వాత అంచు వరకు మూడు గళ్ళు ఖాళీగా ఉండగా, ఏడో తరగతి పిల్ల టి-ఓ-ఎల్-ఏ అని తులాన్ని పేర్చింది. ఎదుటివాడు నిఘంటువు తెరిచి చూస్తే ఉంది. ఆ పిల్ల మొహం చూడవలసింది.

వెతికే పద్ధతికి వస్తాను. నా దగ్గర ఒక పొడుగాటి లెడ్జరు పుస్తకం ఉంది. అందులో రెండు భాగాలు. మొదటి భాగంలో అక్షరానికి ఒక పుట, పుటలో మూడు నిలువు వరసలు. ఆ అక్షరం మొదట వచ్చే మాటలు, మధ్యలో వచ్చేవి, చివర వచ్చేవి. చదువుతూ, ఆడుతూ తగిలిన మాటను దాని అక్షరాలన్నింటి పుటల్లో కాకుండా, అందులో ఉన్న కష్టమైన అక్షరం పుటలో మాత్రం రాస్తాను. ఇ, ఏ, ఆర్ వంటి వాటికి పుటలు అక్కరలేదు, ఎందుకంటే అవి ఎప్పుడూ చిక్కవు. రెండో భాగం అసలైనది. మాటలోని అక్షరాలను వర్ణక్రమంలో పేర్చి, ఆ పేర్పునే తాళంచెవిగా చేసి రాయాలి. లాట్రిన్ అనే మాటలోని ఏడు అక్షరాలను క్రమంలో పెడితే ఏ, ఇ, ఐ, ఎల్, ఎన్, ఆర్, టి అవుతాయి. రిలయంట్ అక్షరాలను పేర్చినా అదే వస్తుంది, రెటీనల్ పేర్చినా అదే, ఎంట్రెయిల్ పేర్చినా అదే. అంటే ఆ ఒక్క తాళంచెవి కింద నాలుగు మాటలూ ఒకే చోట చేరాయి. ఆటలో ఏడు బిళ్ళలు వచ్చినప్పుడు వాటిని స్టాండు మీద వర్ణక్రమంలో పేర్చుకోవడం అలవాటైతే, తాళంచెవి దానంతటది కనబడుతుంది, మాట వెనకాలే వస్తుంది. ఉత్తరాలు సార్టింగు చేసేటప్పుడు మేము కవరు మీద పేరు చదివేవాళ్ళం కాదు, పిన్ను నెంబరు చూసి గూట్లో పడేసేవాళ్ళం. ఇదీ అలాంటిదే.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి మా గజపతి జిల్లాను అతలాకుతలం చేసినప్పుడు కరెంటు రోజుల తరబడి లేదు, ఫోన్లు చచ్చిపడ్డాయి. వీధిలోని పిల్లలు లాంతరు ముందు చేరి బిళ్ళలు ఆడారు. మాట ఉందా లేదా అని పేచీ వచ్చినప్పుడల్లా ఆ లెడ్జరే తీర్పరి. యాప్ మీద మాత్రమే నేర్చుకున్న ఇద్దరు పెద్ద పిల్లలు ఆ వారంలో తెల్లమొహం వేయడం, నాలుగు పుటలు చూసి రాసుకున్న చిన్నవాడు నెగ్గడం నేను కళ్ళారా చూశాను. యాప్ తప్పా అని మీరు అడిగినదానికి నా జవాబు ఆ వారమే ఇచ్చింది. ఆట నడుస్తుండగా యాప్ తెరవడం దొంగాట, అందులో రెండో మాట లేదు. ఆట ముగిశాక, తనకు వచ్చిన ఏడు బిళ్ళలను గుర్తుంచుకొని, వాటితో ఏమేమి వీలయ్యేదో యాప్‌లో చూసి, అందులో ఒకటి రెండింటిని పుస్తకంలోకి ఎక్కించుకోవడం చదువు. పదిహేను మాటలు చూపిస్తే పదిహేనూ రాయనివ్వకండి. ఒకటో రెండో చాలు, లేకపోతే ఒక్కటీ నిలవదు.

ఫోనులో వెతకడానికి వన్‌లుక్ అనే వెబ్‌సైటు బాగుంటుంది. అక్కడ ప్రశ్నార్థకం గుర్తు ఒక్క అక్షరానికి, నక్షత్రం గుర్తు ఎన్ని అక్షరాలకైనా నిలుస్తాయి. నక్షత్రం పెట్టి, జెడ్ కొట్టి, మళ్ళీ నక్షత్రం పెడితే జెడ్ ఎక్కడ ఉన్నా సరే ఆ మాటలు వస్తాయి. మూడు ప్రశ్నార్థకాల తర్వాత ఎక్స్ పెడితే ఎక్స్ చివరనున్న నాలుగక్షరాల మాటలు వస్తాయి. ఇంట్లో కంప్యూటరు ఉంటే ఇంకా మంచి దారి ఉంది. ఎనేబుల్ అనే పేరుతో సుమారు 1.73 లక్షల మాటల పట్టీ ఎవరైనా ఉచితంగా వాడుకునేలా దొరుకుతుంది. దాన్ని ఎక్సెల్‌లో ఒక నిలువు వరసలోకి దించి ఫిల్టరు పెట్టుకోవచ్చు. అయితే ఇక్కడ పిల్లలు ఒక పొరపాటు చేస్తారు. యు లేని క్యూ మాటలు కావాలని, క్యూ ఉండాలి, యు ఉండకూడదు అని రెండు షరతులు పెడతారు. అలా పెడితే అరబ్బు బజారుకు పేరైన ఎస్-యు-క్యూ జారిపోతుంది, ఎందుకంటే దానిలో యు ఉంది, కాకపోతే క్యూకు ముందు ఉంది. కాబట్టి రెండో షరతు యు ఉండకూడదని కాదు, క్యూ-యు అనే జంట ఉండకూడదని పెట్టాలి. అక్షరం ఉందా అన్న ప్రశ్న వేరు, అక్షరం ఎక్కడ ఉందన్న ప్రశ్న వేరు. ఈ తేడా పిల్లకు ఒక్కసారి బోధపడితే సగం విద్య వచ్చినట్టే. ఇంకొక మాట. ఈ పట్టీ పాతది కనుక క్యూ-ఐ, జెడ్-ఏ అందులో ఉండవు, అవి లేవని పిల్ల బెదరకూడదు.

ఫోనుల్లో రోజుకొకటి వచ్చే ఐదక్షరాల వర్డిల్ ఆట సంగతి మీరు అడగలేదు గానీ, అదీ ఈ కోవలోదే కనుక రెండు ముక్కలు చెబుతాను. ఆరు ప్రయత్నాల్లో మాట పట్టుకోవాలి. మొదట్లో దాని జవాబుల పట్టీ సుమారు 2,300 మాటలది, ఎస్ తగిలించిన బహువచనాలు అందులో లేవు. పసుపు రంగు అక్షరం మాటలో ఉంది, ఆ గడిలో లేదు అని చెబుతుంది కనుక, మిగిలిన నాలుగు గళ్ళలో దానికి కూర్చునే అలవాటు ఎక్కడో ముందు చెప్పిన పద్ధతిలోనే ఆలోచించాలి.

పోటీకి పంపేముందు ఏ నిఘంటువు ప్రామాణికమో నిర్వాహకులను అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్న సంగతి. కొన్నేళ్ళ కిందట ఒక పాఠశాల పోటీకి మా వీధి పిల్లవాణ్ణి తీసుకువెళ్ళాను. వాడు చివరి వంతులో క్యూ-ఐ పేర్చితే న్యాయనిర్ణేత జేబులోంచి చిన్న నిఘంటువు తీసి, ఇందులో లేదు అని కొట్టేశారు. ఆరు పాయింట్ల తేడాతో పిల్లవాడు ఓడిపోయాడు. నేను ఎంత చెప్పినా వినలేదు, ముందే అడగకపోవడం నా తప్పు కూడా. మన దేశంలో పెద్ద పోటీలు కాలిన్స్ పట్టీని పాటిస్తాయి. 2019 కూర్పులో అందులో 2,79,496 మాటలు ఉన్నాయి, వాటిలో రెండక్షరాలవి 127. అన్నీ నేర్చుకోవాలని పిల్ల మీద పడకండి. ఆ 127 మాత్రం నోటికి రావాలి, ఎక్కం అప్పజెప్పినట్టు. రోజుకు ఐదు చొప్పున నేర్చుకున్నా నెల తిరక్కుండా అయిపోతాయి. ఆ తర్వాతే లెడ్జరు.

ఏ అక్షరం ఎంత దొరుకుతుందో కూడా పిల్లకు తెలిసి ఉండాలి. న్యూయార్కులో 1930లలో ఉద్యోగం పోయిన ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే ఆర్కిటెక్టు వార్తాపత్రికల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టి ఈ ఆటను తయారుచేశాడు. స్క్రాబుల్ అన్న పేరు దానికి 1948లో వచ్చింది. సంచిలోని 100 బిళ్ళల్లో ఇ 12, ఏ 9, ఐ 9, ఓ 8 ఉంటాయి. క్యూ, జెడ్, జె, ఎక్స్, కె ఒక్కొక్కటే. ఏ అక్షరంగానైనా వాడుకోగల ఖాళీ బిళ్ళలు రెండు. ఎస్ నాలుగే కనుక దాన్ని అయిదారు పాయింట్ల కోసం ఖర్చుపెట్టకూడదు.

ఇప్పుడు మీ అమ్మాయి వదులుకున్న ఆ వంతుకు వద్దాం. క్యూ, ఏ, ఐ, డి, ఆర్, వి, టి. వీటితో క్యూ-ఏ-ఐ-డి అని పెట్టవచ్చు, ఉత్తర ఆఫ్రికాలో ఒక తెగ పెద్దకు అది పేరు. అదే అక్షరాలతో క్యూ-ఏ-డి-ఐ అని ఖాజీనీ పెట్టవచ్చు. రెండింటికీ 14 పాయింట్లు. క్యూ-ఏ-టి అని కూడా పెట్టవచ్చు, యెమెన్‌లో నమిలే ఒక ఆకు అది, దానికి 12. చూడటానికి పద్నాలుగే మేలు. కానీ ఖాజీని దించితే చేతిలో ఆర్, వి, టి మూడు హల్లులు మిగులుతాయి, వాటిలో వి మహా మొండిది. నేనైతే రెండు పాయింట్లు వదులుకొని ఆ ఆకునే పెడతాను. అప్పుడు డి, ఐ, ఆర్, వి మిగులుతాయి. సంచిలో పన్నెండు ఇ బిళ్ళలు ఉన్నాయి. వాటిలో ఒక్కటి చేతికి వచ్చిందంటే, పక్క వంతులో డ్రైవ్ పెట్టాలో డైవర్ పెట్టాలో బోర్డు మీద చోటు చూసి మీ అమ్మాయే తేల్చుకుంటుంది.